అడకత్తెరలో పోకచెక్క ఎక్కడ ఉంటుంది?

ఎటూ కదలలేని మనిషి పరిస్థితిని తెలుగువాళ్లు అడకత్తెరలో పోకచెక్కతో పోలుస్తారు. ఈ పోలికను మొదట వాడినవారు భౌతికశాస్త్రం చదివి ఉండరు గానీ వారి చూపు చాలా నిశితమైనది. అడకత్తెరకు ఒక కొసన రెండు భాగాలనూ కలిపే సీల ఉంటుంది. రెండో కొసన పిడులను నొక్కే చెయ్యి ఉంటుంది. పోకచెక్క ఉండేది ఈ రెండింటికీ నడుమ. సీలకు మూడు సెంటీమీటర్ల దూరంలో పోకచెక్కను పెట్టి, పదిహేను సెంటీమీటర్ల దూరంలో పిడిని నొక్కితే చేతి బలానికి అయిదు రెట్ల బలం ఆ చెక్క మీద పడుతుంది. అంత గట్టి చెక్క రెండు ముక్కలవుతున్నదంటే కారణం కత్తి పదును ఒక్కటే కాదు, అది నడుమ ఇరుక్కుని ఉండటం కూడా.

మీటల గురించి బడిలో చెప్పే పాఠం సాధారణంగా ఇలా మొదలుకాదు. ఒక పట్టికతో మొదలవుతుంది. ఎడమవైపు పనిముట్ల పేర్లు, కుడివైపు ఒకటి, రెండు, మూడు అనే అంకెలు. కత్తెర ఒకటో రకం, అడకత్తెర రెండో రకం, పట్టకారు మూడో రకం అని పిల్లలు బట్టీపట్టి పరీక్ష రాసి వస్తారు. ఆ జవాబులు చాలావరకు సరైనవే. చిక్కల్లా రకాన్ని పనిముట్టు పేరుకు అతికించడంలో ఉంది. రకం పనిముట్టుది కాదు, ఆ క్షణాన దానితో జరుగుతున్న పనిది. అదే గునపం, అదే రాయి, అదే మనిషి. పట్టు మారితే రకం మారిపోతుంది. విజయవాడ, గుంటూరు వీధుల్లో రోజూ జరిగే పనులను ఈ చూపుతో గమనిస్తే ఈ సంగతి పట్టిక కన్నా స్పష్టంగా తెలుస్తుంది.

పాఠ్యపుస్తకం తులాదండం అన్నా, వాడుకలో మీట అన్నా, మెకానిక్కులు లివరు అన్నా వస్తువు ఒకటే: ఒక చోట ఆని, ఆ చోటు చుట్టూ తిరగగల గట్టి కడ్డీ. అది ఆనిన చోటు ఆధారం. కదిలించాల్సినది భారం. కదిలించడానికి మనం పెట్టేది బలం. ఈ మూడింటిలో నడుమ ఏది ఉందన్నదే వర్గీకరణ అంతా. ఆధారం నడుమ ఉంటే మొదటి రకం, భారం నడుమ ఉంటే రెండవది, బలం నడుమ ఉంటే మూడవది. ఎంత లాభమన్నది దూరాలు చెబుతాయి. బలాన్ని ఆధారం నుంచి దానికున్న దూరంతో, భారాన్ని దాని దూరంతో హెచ్చవేసి చూడాలి. రెండూ సమానమైతే మీట నిలకడగా ఉంటుంది. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో ఆర్కిమెడీస్ ఈ నియమాన్ని రేఖాగణితంతో నిరూపించాడు. బలంలో ఎన్ని రెట్లు లాభం వస్తే దూరంలో అన్ని రెట్లు నష్టం వస్తుంది. ఈ లెక్కకు మినహాయింపు లేదు.

గునపం దగ్గరకు వద్దాం. విజయవాడ కొండవాలుల్లో పునాది తవ్వేటప్పుడు బండరాయి అడ్డుపడటం మామూలే. కూలీ గునపం మొనను బండ కిందికి దూర్చి, మొనకు కొద్ది దూరంలో గునపం కింద ఒక చిన్న రాయి పెట్టి, రెండో కొసను కిందికి అదుముతాడు. ఆధారమైన చిన్న రాయి నడుమ ఉంది కనుక ఇది మొదటి రకం. గునపం పొడవు 150 సెంటీమీటర్లు, చిన్న రాయి మొనకు 15 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుంటే చేతివైపు 135 మిగులుతుంది. అంటే తొమ్మిది రెట్లు. మొన మీద 180 కిలోల భారం ఉంటే 20 కిలోల బలంతో అదిమితే చాలు. బండ ఒక సెంటీమీటరు లేవడానికి చెయ్యి తొమ్మిది సెంటీమీటర్లు దిగాలి.

చిన్న రాయి దొరకలేదనుకుందాం. అప్పుడు అతడు గునపాన్ని బండ కిందుగా ఇంకాస్త లోపలికి తోసి, మొనను అవతలి నేలకు ఆనించి, కొసను పైకి లేపుతాడు. ఇప్పుడు ఆధారం మొన దగ్గరి నేల. బండ తాకేచోటు మొనకు 15 సెంటీమీటర్ల దూరంలో, అంటే ఆధారానికీ చేతికీ నడుమ ఉంది. ఇది రెండవ రకం. చెయ్యి ఉన్నది ఆధారానికి పూర్తిగా 150 సెంటీమీటర్ల దూరంలో కాబట్టి లాభం పది రెట్లు. అదే 180 కిలోలకు 18 కిలోల బలం చాలు. కాగితం మీద ఈ పద్ధతే మేలు. అయినా అనుభవమున్న కూలీ మొదటి పద్ధతికే మొగ్గు చూపుతాడు, చిన్న రాయి కోసం చుట్టూ వెతుకుతాడు. కిందికి అదిమేటప్పుడు ఒంటి బరువు సాయం వస్తుంది. పైకి లేపేటప్పుడు ఆ సాయం లేకపోగా నడుము మీద భారం పడుతుంది. ఒకటో రకమా, రెండో రకమా అన్న ప్రశ్నకు నిజమైన విలువ ఇలాంటి చోటే ఉంది. ఏ దిక్కుగా బలం పెట్టాలో, ఒంటిలో ఏ భాగం అలసిపోతుందో ఆ మూడు చోట్ల వరుసే నిర్ణయిస్తుంది.

కత్తెర కథ వేరు. దాని రకం మారదు; సీల ఎప్పుడూ చేతికీ గుడ్డకూ నడుమనే ఉంటుంది. కానీ మొదటి రకం అన్నంత మాత్రాన బలం పెరుగుతుందనుకోవడం పొరపాటు. దర్జీ కత్తెరకు అలుగులు, అంటే గుడ్డను కోసే రెక్కలు, పొడవు. పిడి సీల నుంచి 10 సెంటీమీటర్లు, అలుగు కొస 15 సెంటీమీటర్లు అనుకుంటే కొస దగ్గర పడేది చేతి బలంలో మూడింట రెండు వంతులే. దర్జీ నష్టపోయాడా? లేదు. పల్చని గుడ్డకు బలం అక్కరలేదు, ఒక్క నొక్కుకు ఎంత పొడవు తెగిందన్నదే అతనికి ముఖ్యం. అదే దర్జీ నాలుగు మడతల మందపాటి గుడ్డ వచ్చేసరికి దాన్ని సీల దగ్గరకు నెట్టి కత్తిరిస్తాడు. రెండు సెంటీమీటర్ల దగ్గర బలం అయిదు రెట్లవుతుంది. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్లలో కనిపించే రేకు కత్తెర ఇందుకు తిరగేసిన రూపం: పొడవైన పిడులు, పొట్టి అలుగులు. అదీ కత్తెరే, మొదటి రకమే, కానీ పని పూర్తిగా వేరు. పట్టికలో ఈ రెండింటికీ పక్కన ఒకటే అంకె పడుతుంది. ఆ అంకె మాత్రమే నేర్చుకున్న పిల్లవాడికి ఈ రెండు కత్తెరలు ఎందుకు భిన్నంగా ఉన్నాయో తెలియకుండా పోతుంది. ఇది చిన్న లోపం కాదు.

వంటింట్లో పేరు కూడా దారి తప్పిస్తుంది. పొయ్యి మీది గిన్నెను దించే పట్టకారుకు నడుమ సీల ఉంటుంది. అది మొదటి రకం. పుల్కాలు తిప్పే పట్టకారు ఒకే రేకును వంచి చేసినది. ఆధారం వెనక వంపు దగ్గర, వేళ్లు నడుమ, పుల్కా ముందు కొసన ఉంటాయి. అది మూడవ రకం. చాలా ఇళ్లలో రెండింటినీ పట్టకారనే అంటారు. పరీక్షలో పట్టకారు ఏ రకమని అడిగితే, ఏ పట్టకారని తిరిగి అడిగే విద్యార్థికే పాఠం అర్థమైనట్టు. ఆ విద్యార్థికి మార్కులు తగ్గించకూడదు.

రకం మారడానికి పనిముట్టును తిరగేయనక్కరలేదు, బరువు జానెడు జరిగితే చాలునని చూపే ఉదాహరణ ఎద్దుబండి. గుంటూరు మిర్చి యార్డుకు ఇప్పుడు సరుకు లారీల్లో, ట్రాక్టర్లలో వస్తున్నది గానీ బండి కట్టడం తెలిసిన రైతులు పల్లెల్లో ఇంకా ఉన్నారు. బండికి ఇరుసు ఆధారం. కాడి ఇరుసుకు మూడు మీటర్ల ముందు ఉందనుకుందాం. ఎనిమిది వందల కిలోల సరుకు బరువంతా ఇరుసుకు 15 సెంటీమీటర్ల ముందు కేంద్రీకరించి ఉంటే కాడి మీద పడేది 40 కిలోలు. భారం ఇరుసుకూ కాడికీ నడుమ ఉంది కాబట్టి రెండవ రకం. అదే సరుకును ఇరుసుకు 15 సెంటీమీటర్లు వెనక్కి సర్దితే ఇరుసు నడుమకు వస్తుంది, మీట మొదటి రకమవుతుంది, కాడి 40 కిలోల బలంతో పైకి లేస్తుంది. బండి వెనక్కి మొగ్గిందంటారు దీన్నే. ఎద్దుల మెడకు కట్టిన తాడు గొంతుకు బిగుసుకుంటుంది, ఊపిరాడక అవి ఆగిపోతాయి. బస్తాలు ఎక్కించేటప్పుడు ముందూ వెనకా చూసి ఒక బస్తా అటో ఇటో జరిపే రైతు చేస్తున్నది ఈ లెక్కే.

ట్రాక్టరు వెనక తగిలించే రెండు చక్రాల ట్రాలీకీ ఇదే వర్తిస్తుంది. బరువు మరీ ముందుకు పడితే ట్రాక్టరు వెనక కొక్కెం కిందికి కుంగి ముందు చక్రాలు తేలికవుతాయి, స్టీరింగు మాట వినదు. మరీ వెనక్కి పడితే కొక్కెం పైకి లేచి వెనక చక్రాలు నేల మీద పట్టు కోల్పోతాయి. రెండూ ప్రాణాల మీదికి తెచ్చేవే.

తక్కెడ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఆధారం సరిగ్గా నడుమ ఉండే మొదటి రకం అది. ఒక్క విషయం మాత్రం కొనేవారికి పనికొస్తుంది. తక్కెడలో ఒక చేయి, అంటే ఆధారం నుంచి కొస వరకు ఉన్న భాగం, 20 సెంటీమీటర్లు, రెండోది 21 సెంటీమీటర్లు ఉండి, సరుకు పళ్లెం పొడవు చేతి వైపు ఉంటే కిలో రాయికి తూగేది 952 గ్రాములే. రాయినీ సరుకునూ పళ్లేలు మార్చి తూచమంటే మోసం అక్కడికక్కడే బయటపడుతుంది. యార్డుల్లో, ధాన్యం కొట్లలో ఉండిన పాత బల్ల కాటా ఇంకా తెలివైనది. బల్ల కింద దాగిన మీటలు ఒకదానికొకటి బలాన్ని అందించుకుంటూ తగ్గించుకుంటూ పోతాయి. వందకు ఒకటి చొప్పున కట్టిన కాటాలో క్వింటాలు బస్తాను ఒక కిలో రాయి తూచేస్తుంది.

బావి నీరు తోడే ఏతం కూడా మొదటి రకమే, కానీ దాని తెలివి వేరే చోట ఉంది. నిలువు స్తంభం మీద అడ్డంగా పెద్ద దూలం, ఒక కొసకు బాన, రెండో కొసకు బండరాయి. ఖాళీ బాన 4 కిలోలు, నిండు బాన 20 కిలోలు, దూలం రెండు చేతులూ సమానం అనుకుందాం. రాయి బరువు 12 కిలోలైతే ఖాళీ బానను బావిలోకి దించడానికి 8 కిలోల బలం కావాలి, నిండు బానను పైకి తేవడానికీ 8 కిలోలే. ఇరవై కిలోలు ఒక్కసారిగా ఎత్తాల్సిన శ్రమను రెండు భాగాలు చేసి, సగం కిందికి లాగే పనిగా మార్చిందన్నమాట. పెద్ద ఏతాల మీద రాయికి బదులు మనుషులే దూలం మీద ముందుకూ వెనక్కూ నడిచేవారు. ఏతం తొక్కడమంటే అదే. ఒక్కో అడుగుతో ఆధారం నుంచి బరువు దూరం మారుతుంది, దూలం ఒరుగుతుంది. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ గేట్లకు ఉన్న ప్రతిభారాలు చేసే పనీ ఏతం రాయి చేసే పనే, కాకపోతే అక్కడ దూలం స్థానంలో తాళ్లు, కప్పీలు ఉంటాయి. 2024 సెప్టెంబరు వరదల్లో కొట్టుకొచ్చిన పడవలు ఢీకొని దెబ్బతిన్నవి ఆ ప్రతిభారాలే.

వీధి చివర బోరింగు కూడా ఆధారం నడుమ ఉన్న మీటే. దేశమంతటా పాతిన ఇండియా మార్క్-2 చేతిపంపులో పిడివైపు పొడవు గొలుసువైపు పొడవుకు ఎనిమిది రెట్లు. లోపలి గొట్టంలో ముషలకం (పిస్టన్) ఒక్కో పోటుకు కదిలేది పన్నెండున్నర సెంటీమీటర్లే. అందుకోసం పిడి కొస మీటరు దూరం తిరగాలి. ముప్పై మీటర్ల లోతు నుంచి వచ్చే నీటి స్తంభం బరువు అందులో దాదాపు 95 కిలోలుంటుంది. అందులో ఎనిమిదో వంతు, అంటే 12 కిలోలు చేతికి తెలుస్తుంది. బడికి వెళ్లే పిల్ల బోరింగు కొట్టి బిందె నింపగలుగుతున్నదంటే కారణం ఇదే.

ఇక మూడవ రకం. బలం నడుమ, భారం కొసన. బలం చెయ్యి భారం చెయ్యి కన్నా ఎప్పుడూ పొట్టిగా ఉంటుంది కాబట్టి ఇందులో బలానికి లాభమంటూ ఉండదు, ఎప్పుడూ నష్టమే. మరి ఇలాంటి మీటను ఎవరైనా ఎందుకు వాడాలి? కాలువ గట్టున గాలం వేసేవారిని చూడండి. కర్ర మొదలు ఒక చేతిలో నిలకడగా ఉంటుంది, రెండో చెయ్యి కాస్త పైన పట్టుకుని జానెడు లాగుతుంది, కొస నిలువెత్తు పైకి లేస్తుంది. చేప తప్పించుకునేలోపు కొస లేవాలి. పొడుగు కర్ర చీపురుదీ ఇదే తీరు: పై చెయ్యి ఆధారం, కింది చెయ్యి బలం, నేల మీద చీపురు గీసే గీత పొడవు. బలాన్ని ఇచ్చి వేగాన్ని కొనుక్కునే బేరమిది. చాలా పనుల్లో ఇది మంచి బేరమే.

మన ఒంట్లో చాలా మీటలు ఈ రకానివే. మోచెయ్యి ఆధారం. చేతిని ముడిచే కండరం మోచేతికి నాలుగు సెంటీమీటర్ల దూరంలో ఎముకకు అతుక్కుని ఉంటుంది. అరచెయ్యి సుమారు 32 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. అరచేతిలో అయిదు కిలోల సంచి ఉంటే కండరం లాగాల్సింది దాదాపు నలభై కిలోలు. కండరం ఒక సెంటీమీటరు ముడుచుకుంటే అరచెయ్యి ఎనిమిది సెంటీమీటర్లు కదులుతుంది. ముద్ద నోటికి అందించడం, బంతి విసరడం, పలక మీద రాయడం అన్నీ ఈ ఏర్పాటు వల్లే సాధ్యం.

ఈ ఏర్పాటుకు అసలు ధర చెల్లించేది మిర్చి యార్డులో హమాలీలు. నడుము దగ్గర వెన్నెముక కీలు ఆధారం. వెన్నును నిలబెట్టే కండరాలు ఆ కీలుకు సుమారు అయిదు సెంటీమీటర్ల వెనక ఉంటాయి. నలభై కిలోల టిక్కీని, అంటే మిర్చి బస్తాను, ముందుకు వంగి, ఒంటికి 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని లేపితే, ఆ కండరాలు మోయాల్సింది 320 కిలోలు. అది టిక్కీ ఒక్కదాని లెక్క. వంగిన మొండెం బరువు దానికి తోడవుతుంది. కీలు మీద పడే ఒత్తిడి ఈ మొత్తానికి మించి ఉంటుంది. ఇక్కడ ఆధారమైన కీలు నడుమ ఉంది, కాబట్టి ఇది మొదటి రకం. కానీ దూరాలు ఎంతో ప్రతికూలంగా ఉన్న మొదటి రకం. టిక్కీని ఒంటికి ఆనించి 20 సెంటీమీటర్లకు తెచ్చుకుంటే కండరాల మీద భారం సగమవుతుంది. ఇద్దరు పట్టి మూడో మనిషి వీపు మీదికి ఎక్కించే పద్ధతి ఇంకా మంచిది. బరువు వెన్నెముక మీదుగా నేరుగా కాళ్లకు దిగుతుంది, మీట చెయ్యి దాదాపు లేకుండా పోతుంది. ఎన్ని టిక్కీలు ఎత్తారన్నది కూలీ లెక్కకు వస్తుంది గానీ ఎలా ఎత్తాల్సి వచ్చిందన్నది రాదు. వెన్నుకు తెలిసేది రెండోదే. టిక్కీని నేల మీంచి కాకుండా నడుమెత్తు బల్ల మీంచి అందుకునే వీలు కల్పిస్తే ఎన్నో వెన్నులు నిలబడతాయి. ఇందుకు ఖరీదైన యంత్రాలు అక్కరలేదు.

ఆఫీసు బల్ల మీది స్టేప్లర్‌కు కీలు వెనక ఉంటుంది, పిన్ను ముందు నుంచి దిగుతుంది. వీపు మీద అరచెయ్యి వేసి నొక్కితే బలం నడుమ ఉంటుంది, మూడవ రకం. పిన్ను దిగే చోటుకన్నా ముందుకు జరిగి, ముక్కు కొసన బొటనవేలు పెట్టి నొక్కితే రెండవది. మందపాటి కాగితాల కట్టకు అందరూ తెలియకుండానే ముందుకు జరుగుతారు. గోళ్ల కట్టర్‌లో రెండు రకాలు ఒకేసారి పనిచేస్తాయి: పై పిడి రెండవ రకం మీటగా బలాన్ని పెంచి ఇస్తే, కింది రెండు అలుగులు మూడవ రకంగా గోటిని తెంచుతాయి. చక్రాల నట్లు విప్పేటప్పుడు మెకానిక్కులు పానాకు ఇనప గొట్టం తొడుగుతారు; పొడవు రెట్టింపైతే పెట్టాల్సిన బలం సగమవుతుంది. కత్తిపీట మాత్రం ఈ కుటుంబంలోనిది కాదు. కత్తి కదలదు, కూరగాయే దాని మీదికి కదులుతుంది. అది దూరి చీల్చే వెడ్జ్ వంటి సాధనం.

మీటల వర్గీకరణలో నిజంగా తలపట్టుకునే ప్రశ్న కృష్ణలో, సీతానగరం వైపు తెడ్డు వేస్తున్న పడవలో ఉంది. తెడ్డును పడవ అంచున గుంజకు తాడుతో కట్టారు. పడవవాడి చెయ్యి గుంజకు 80 సెంటీమీటర్లు ఇవతల, నీటిలోని రేకు గుంజకు రెండు మీటర్లు అవతల ఉన్నాయి. పడవలో కూర్చున్నవారికి గుంజ కదలదు, రేకు నీటిని వెనక్కి నెడుతుంది. గుంజ ఆధారం, నీరు భారం, మొదటి రకం. గట్టు మీద నిలబడ్డవారికి దృశ్యం వేరు. రేకు నీటిలో దాదాపు నాటుకున్నట్టే ఉంటుంది, కదిలేది పడవ. నీరు ఆధారం, గుంజ దగ్గర పడవ భారం, అది నడుమ ఉంది, కాబట్టి రెండవ రకం. పాఠ్యపుస్తకాలు కొన్ని ఒకటంటే, కొన్ని రెండంటాయి.

లెక్క వేసి చూస్తే తగువు తీరుతుంది. పడవవాడు 10 కిలోల బలంతో లాగాడనుకుందాం. మొదటి చూపు ప్రకారం పదిని 80తో హెచ్చవేసి 200తో భాగిస్తే నీటి మీద 4 కిలోలు పడతాయి. గుంజ మీద పడేది ఈ రెండూ కలిపి 14. రెండో చూపు ప్రకారం ఆధారం రేకు. చేతి దూరం 280, గుంజ దూరం 200. పదిని 280తో హెచ్చవేసి 200తో భాగిస్తే గుంజ మీద 14 కిలోలు. రెండు దారులూ ఒకే చోట కలిశాయి. అయితే పడవ ముందుకు పోయేది 14 కిలోలతో కాదు. తెడ్డును లాగుతున్నవాడు పడవలోనే కూర్చున్నాడు; లాగిన 10 కిలోలకు ఎదురుగా అతని పాదాలు పడవను వెనక్కి తన్నుతున్నాయి. మిగిలేది 4. నీరు రేకును తోస్తున్నదీ సరిగ్గా అంతే.

గుంజ లేని పుట్టిలో ఈ తగువే లేదు. పుట్టి నడిపేవాడు తెడ్డు పై కొసను ఒక చేత్తో నిలిపి, నడుమ రెండో చేత్తో లాగుతాడు. పై చెయ్యి ఆధారం, కింది చెయ్యి బలం, కొసన నీరు. అది మూడవ రకం.